అమెరికాలో ఫ్లెబాటమిస్ట్ అవ్వాలంటే ఎలా?

ల్యాబ్ పరీక్షల కోసం రక్తం తీసేవాళ్లను ఫ్లెబాటమిస్టులు అంటారు. మన ఊళ్లలో ఈ పని ల్యాబ్ టెక్నీషియనో నర్సో చేసేస్తారు కాబట్టి దీన్ని వేరే ఉద్యోగంగా చూడం. అమెరికాలో మాత్రం ఇది విడి ఉద్యోగమే. డిగ్రీ అక్కర్లేదు, హైస్కూల్ చదువు చాలు. దగ్గర్లోని టెక్నికల్ కాలేజీలో చాలాచోట్ల ఒకటి రెండు సెమిస్టర్లలో కోర్సు అయిపోతుంది.

ఫీజు కట్టకముందే వీసా సంగతి చూసుకోండి. హెచ్‌4 (హెచ్‌1బీ ఉద్యోగుల భార్య లేదా భర్తకు ఇచ్చే వీసా) మీద చదువుకోవచ్చు గానీ, ఈఏడీ అనే వర్క్ పర్మిట్ లేకుండా ఉద్యోగం చేయకూడదు. తర్వాత మీ రాష్ట్రం రూల్స్ చూడండి. కాలిఫోర్నియా, లూసియానా, నెవాడా, వాషింగ్టన్ రాష్ట్రాల్లో ప్రభుత్వ అనుమతి (లైసెన్సు) ఉండాలి. కాలిఫోర్నియాలో అనుభవం లేనివాళ్లు 40 గంటల క్లాసులు, 40 గంటల ప్రాక్టికల్ పూర్తిచేయాలి. కనీసం 50 సార్లు నరం (సిర) నుంచి, 10 సార్లు వేలి నుంచి రక్తం తీయాలి. మిగతా రాష్ట్రాల్లో ఆ లైసెన్సు లేకపోయినా, సర్టిఫికేషన్ ఉన్నవాళ్లనే తీసుకునే ఆసుపత్రులు చాలా ఉన్నాయి.

మనవాళ్లకు టెన్షన్ పెట్టేది టీకాల కాగితాలు. హెపటైటిస్ బి, ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా), చికెన్‌పాక్స్ టీకాల రికార్డులు అడుగుతారు. చిన్నప్పటి టీకా కార్డు ఎవరి దగ్గర ఉంటుంది చెప్పండి! టైటర్ అనే రక్తపరీక్షలో యాంటీబాడీలు ఉన్నాయని తేలితే సాధారణంగా సరిపోతుంది. టీబీ పరీక్ష దగ్గర ఇంకో చిక్కు. మనకు చిన్నప్పుడు బీసీజీ వేస్తారు కదా, దానివల్ల జబ్బు లేకపోయినా చర్మంపై చేసే పరీక్ష పాజిటివ్ రావచ్చు. అందుకని ఇగ్రా అనే రక్తపరీక్ష చేయించుకుంటామని ముందే అడగండి. దాని మీద బీసీజీ ప్రభావం ఉండదు. వీటితోపాటు బ్యాక్‌గ్రౌండ్ చెక్, డ్రగ్ టెస్ట్ కూడా ఉంటాయి.

క్లాసులో మొదట రబ్బరు చేతి మీద, తర్వాత తోటి విద్యార్థుల మీద నేర్పిస్తారు. సూది పట్టుకోకముందే పేషెంట్ చేతే పూర్తి పేరు, పుట్టిన తేదీ చెప్పించాలి. "మీరు ఫలానా కదా?" అని అడిగితే నిద్రమత్తులో ఉన్నవాళ్లు దేనికైనా తల ఊపుతారు. తర్వాత టోర్నికెట్ (చేతికి బిగించే రబ్బరు పట్టీ) కట్టి, మోచేతి మడతలో నరం వెతకాలి. కంటికి కనిపించే నరం కన్నా వేలికి స్పాంజిలా తగిలే నరాన్ని నమ్మండి. కట్టు నిమిషానికి మించి ఉంచకూడదు. ఆల్కహాల్‌తో తుడిచాక ఆరనివ్వాలి, తడి మీద గుచ్చితే మండుతుంది. సూది 15 నుంచి 30 డిగ్రీల వాలులో వెళ్లాలి.

ట్యూబుల వరుస మాత్రం నిద్రలో లేపి అడిగినా చెప్పగలగాలి. ట్యూబులను మూత రంగుతో గుర్తుపడతారు. ముందు బ్లడ్ కల్చర్ (రక్తంలో సూక్ష్మజీవులు ఉన్నాయేమో చూసే పరీక్ష) సీసాలు, తర్వాత లేత నీలం, ఎరుపు లేదా బంగారు రంగు, ఆకుపచ్చ, ఊదా, చివరికి బూడిద రంగు. ఊదా మూత ట్యూబులో రక్తం గడ్డకట్టకుండా వేసే ఈడీటీఏ అనే రసాయనం, తర్వాత నింపే ట్యూబులోకి కొంచెం వెళ్లినా పొటాషియం ఎక్కువగా, కాల్షియం తక్కువగా కనిపిస్తాయి. డాక్టరేమో లేని జబ్బుకు మందు రాయవచ్చు. నింపిన ట్యూబులను కుదపకుండా మెల్లగా తిరగేయాలి: లేత నీలం మూడు నాలుగు సార్లు, ఊదా ఎనిమిది నుంచి పది సార్లు. లేబుల్ పేషెంట్ ఎదురుగానే అంటించాలి.

రెండుసార్లు గుచ్చినా రక్తం రాకపోతే ఇంకొకరిని పిలవడం చాలాచోట్ల రూల్. అందులో నామోషీ ఏమీ లేదు.

క్లాసుల తర్వాత ఆసుపత్రిలోనో ల్యాబులోనో ఎక్స్‌టర్న్‌షిప్ (నిజమైన పేషెంట్ల మీద చేసే శిక్షణ) ఉంటుంది. తెల్లవారుజామున వార్డుల్లో తిరగాల్సి రావచ్చు కాబట్టి పిల్లల్ని ఎవరు చూస్తారో ముందే చూసుకోండి. తర్వాత సర్టిఫికేషన్ పరీక్ష. ఎన్‌హెచ్ఏ అనే సర్టిఫికేషన్ సంస్థ పెట్టే పరీక్షకు మనుషుల మీద 30 సార్లు నరం నుంచి, 10 సార్లు వేలి నుంచి రక్తం తీసిన రికార్డు ఉండాలి. అందుకే తీసిన ప్రతిసారీ లాగ్‌షీట్‌లో సంతకం చేయించుకోండి. ఎక్స్‌టర్న్‌షిప్ అయిపోయే ముందు అక్కడి సూపర్‌వైజర్‌ని ఖాళీలు ఉన్నాయేమో అడిగేయండి. మీ చేతి పని వాళ్లు అప్పటికే చూసి ఉంటారు.