బీచ్ పక్కన వ్యాన్‌లో నింపాదిగా నాలుగు రోజులు ఉండాలంటే

బీచ్‌కి వ్యాన్ వేసుకుని వచ్చినవాళ్ళు చాలామంది మొదటి రోజే అన్నీ చుట్టేయాలని చూసి రెండో రోజుకే అలిసిపోతారు. వెచ్చటి సముద్రం పక్కన రోజుకి ప్లాన్ అక్కర్లేదండి, ఎండ, గాలి, పోటు ఈ మూడే మన టైంటేబుల్, బండిని సరిగ్గా పెట్టుకుంటే చాలు.

రాత్రి పార్కింగ్‌కి పర్మిషన్ ఉన్న చోటేనా అన్నది ముందు చూసుకోండి. తర్వాత ఇసుక చూడండి, నాచు, పుల్లలు, గవ్వముక్కలు వరసగా గీత గీసినట్టు పడి ఉంటాయి, పోటు నీళ్ళు అక్కడిదాకా వచ్చాయన్నమాట. తడి గీత ఒకటి, దానికి పైన ఎండిపోయిన గీత ఇంకోటి కనిపిస్తే పైదే లెక్క. దానికి ఇంకా బాగా ఎగువన గట్టినేల మీద ఆపండి, ఎందుకంటే పున్నమికీ అమావాస్యకీ నీళ్ళు ఇంకా పైకొస్తాయి. చాలా తీరాల్లో పోటు రోజూ దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది కాబట్టి నిన్న ఈ టైంకి పొడిగా ఉందని ఈరోజు నమ్మొద్దు.

ఇసుకలో దిగబడితే యాక్సిలరేటర్ అస్సలు తొక్కొద్దు, తొక్కేకొద్దీ చక్రం గొయ్యి తవ్వుకుంటుంది. టైర్ల చుట్టూ ఇసుక తీసేసి, గాలి 20-25 పీఎస్ఐకి తగ్గించి, వచ్చిన దారినే మెల్లగా వెనక్కి రండి. రోడ్డెక్కేముందు మళ్ళీ గాలి నింపాలి, చిన్న పంపు దగ్గరుండాల్సిందే.

ఇక అసలు సంగతి వేడి. పొద్దున పది లోపు ఈత, నడక, వంట, బట్టలు అన్నీ అయిపోవాలి. వంట చేసేటప్పుడు తలుపు తెరిచే ఉంచండి, మూసిన బండిలో స్టవ్ వెలిగిస్తే కార్బన్ మోనాక్సైడ్‌తో ప్రాణానికే ముప్పు. ఎండ ఎక్కేసరికి నేల నీళ్ళకన్నా తొందరగా వేడెక్కి సముద్రం మీంచి గాలి మొదలవుతుంది, అప్పుడు సముద్రం వైపు కిటికీ, దానికి ఎదురుది, రెండూ తీస్తే గాలి బండిని దాటుకుని పోతుంది. ముందు అద్దానికి కవర్ లోపల కాకుండా బయట వేయండి, ఎండ అద్దం దాటకముందే ఆగిపోతుంది, ఈ ఒక్కదానితోనే ఎంత తేడానో. మధ్యాహ్నం పడుకోండి, హాయిగా, ఏ పనీ పెట్టుకోకుండా.

ఫ్రిజ్ మాటిమాటికీ తెరవొద్దు, వేడికి బ్యాటరీ మీద భారం దానిదే. సోలార్ ప్యానెల్ మీద ఉప్పు తెల్లగా పొరకడుతుంది, మంచినీళ్ళ తడిగుడ్డతో తుడవండి.

స్లైడింగ్ డోర్ తోస్తుంటే కరకరమందంటే పట్టాలో ఇసుక చేరినట్టే. నేను ఒకసారి గ్రీజు రాశాను, ఇసుకంతా దానికి అతుక్కుని గరుకు కాగితంలా అయిపోయింది, అప్పట్నుంచి పాత టూత్‌బ్రష్‌తో దులిపి పొడి సిలికాన్ స్ప్రే మాత్రమే కొడుతున్నా. తిరిగి వెళ్ళాక బండి అడుగుభాగం మంచినీళ్ళతో కడిగించండి, ఉప్పు చెమ్మని పట్టి ఉంచి తుప్పు పట్టిస్తుంది.

సాయంత్రం మెట్టు దగ్గర ఒక బకెట్, ఒక పాత తువ్వాలు పెట్టుకోండి, కాళ్ళు కడగకుండా ఎవరూ లోపలికి రాకూడదు, పక్కలోకి ఇసుక చేరిందంటే ఆ రాత్రి ఇక నిద్ర ఉండదు. బాగా పొద్దుపోయాక గాలి దిశ తిరుగుతుంది, ఇప్పుడు నేల మీంచి సముద్రం వైపు. అది తెలిశాక సముద్రం వైపు కిటికీ కొంచెం దగ్గరగా వేసి, నేల వైపుది దోమతెరతో పూర్తిగా తీసి పడుకోండి.