ఉప్పు పంచదార నీళ్ళు సరిగ్గా కలపడం ఎలా, ఆ కొలతే ఎందుకు

పోయిన మే నెల ఉక్కపోతలో, విశాఖ పెదవాల్తేరులో మా కింద పోర్షన్‌లో ఉండే నాలుగేళ్ళ పాపకు నీళ్ళ విరేచనాలు పట్టుకున్నాయి. వాళ్ళమ్మ తెల్లవార్లూ గ్లూకోజ్ పొడి కలిపిన నీళ్ళు పడుతూనే ఉంది. పొద్దున నేను వెళ్ళేసరికి పాప కళ్ళు లోపలికి పోయాయి, నాలుక ఎండిపోయింది. "చాలానే తాగింది అక్కా, అయినా ఏంటిలా అయిపోయింది" అని ఏడ్చింది ఆ అమ్మాయి. నీళ్ళున్నాయి, గ్లూకోజ్ ఉంది, ఉప్పు మాత్రం లేదు. ఇంటర్ పిల్లలకు నేను ఏటా చెప్పే జువాలజీ పాఠం సరిగ్గా ఇదే, కానీ మెట్లు దిగి కింద ఇంట్లో ఒక్కసారీ చెప్పలేదు. అందుకే ఇప్పుడు ఇది రాస్తున్నాను.

ముందు కలిపే పద్ధతి. నీళ్ళు మరగబెట్టి చల్లార్చి, లీటరు వాటర్ బాటిల్‌తో ఒక లీటరు కొలవండి. ఇన్ని గ్లాసులని లెక్కపెట్టొద్దు, ఒక్కో ఇంట్లో గ్లాసు ఒక్కో సైజు. అందులో 6 టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు వేయాలి. టీ చెంచా అంటే 5 మిల్లీలీటర్లది, సిరప్ సీసాతో వచ్చే కొలత మూతలో 5 గీత దాకా నీళ్ళు పోసి మీ చెంచాలో అంతే పడుతున్నాయో లేదో చూసుకోండి. గుట్టగా తీయకూడదు. చెంచా నిండా తీసి కత్తి వీపుతో పైన గీసేయండి, ఉప్పయితే అలా సమం చేశాక మధ్యలో గీత పెట్టి సగం మళ్ళీ డబ్బాలోకి తోసేయండి. బాగా కరిగాక ఒక గుక్క రుచి చూడండి, కన్నీళ్ళకంటే ఉప్పగా ఉంటే మొత్తం పారబోసి మళ్ళీ కలపండి.

ఇంత పట్టింపు ఎందుకంటే, ఆ కొలత రుచి కోసం పెట్టింది కాదు. పేగు లోపలి గోడ మీది కణాలకు కొవ్వు పొర ఉంటుంది, ఉప్పులోంచి వచ్చే, ఛార్జి ఉన్న సోడియం గానీ, నీళ్ళలో ఇట్టే కరిగే గ్లూకోజ్ గానీ ఆ కొవ్వులోంచి నేరుగా దూరలేవు, పొరలో అటూ ఇటూ పొడుచుకుని ఉండే ప్రొటీన్లే వాటికి దారి. మనకు కావాల్సిన ప్రొటీన్ పేరు ఎస్‌జీఎల్‌టీ1. తిరుమల క్యూ కంపార్ట్‌మెంట్ గుర్తు తెచ్చుకోండి, వెనక గేటు పడితేనే ముందు గేటు తెరుస్తారు కదా, ఇదీ అంతే. ముందు పేగు వైపు తెరుచుకుని ఉంటుంది, అందులోకి రెండు సోడియం అయాన్లు, వాటితో పాటు ఒక గ్లూకోజ్ వచ్చి కూర్చున్నాక ప్రొటీన్ ఆకారం మారి ఆ వైపు మూసుకుంటుంది, కణం లోపలి వైపు తెరుచుకుంటుంది. సోడియం లేకుండా గ్లూకోజ్ ఒక్కటే వస్తే ఈ గేటు సరిగా పనిచేయదు. ఇవి లోపలికి వెళ్తే వాటి వెంటే నీళ్ళూ వెళ్తాయి. మనకు కావాల్సింది ఆ నీళ్ళే.

మరి సోడియం లోపలికి ఎందుకు పరుగెడుతుంది? కణం లోపల అది తక్కువగా ఉంటుంది కాబట్టి. అలా తక్కువగా ఉంచేది కణం రెండో వైపున, రక్తం వైపున ఉండే సోడియం పొటాషియం పంపు, కణానికి ఇంధనంలాంటి ఏటీపీ అణువు ఒకటి ఖర్చుపెట్టి మూడు సోడియం బయటికి తోసి రెండు పొటాషియం లోపలికి తెస్తుంది. ఫిషింగ్ హార్బర్‌లో పడవలోకి ఊరే నీళ్ళు తోడిపోస్తూనే ఉంటారే, అలాగే ఇదీ ఆగకుండా పనిచేస్తుంది. డెన్మార్క్‌లో యెన్స్ స్కౌ అనే శాస్త్రవేత్త దీన్ని పట్టుకున్నది పీత కాళ్ళ నరాల్లో, 1957లో. నలభై ఏళ్ళకు నోబెల్ వచ్చింది. గ్లూకోజ్‌ను సోడియమే వెంటపెట్టుకుని వెళ్తుందని రాబర్ట్ క్రేన్ అనే బయోకెమిస్ట్ 1960లో ప్రాగ్‌లో చెప్పాడు.

6 చెంచాల లెక్క కూడా ఇక్కడే తేలుతుంది. అంత పంచదార సుమారు 25 గ్రాములు, పేగులో అది విరిగితే సగం గ్లూకోజ్, సగం ఫ్రక్టోజ్. ఫ్రక్టోజ్ వేరే ప్రొటీన్ దారిలో పోతుంది, దానికి సోడియంతో పనిలేదు. మిగిలిన గ్లూకోజ్ 13 గ్రాముల దగ్గర ఉంటుంది, ప్రపంచ ఆరోగ్య సంస్థ (డబ్ల్యూహెచ్‌ఓ) ఫార్ములా ఓఆర్‌ఎస్ ప్యాకెట్లో లీటరుకు 13.5 గ్రాముల గ్లూకోజ్, 2.6 గ్రాముల ఉప్పు. మన అర చెంచా ఉప్పూ దాదాపు అంతే. పాప తాగదేమో అని ఇంకో నాలుగు చెంచాల పంచదార వేశారనుకోండి, నీళ్ళు చిక్కబడి పేగులోంచి లోపలికి పోవాల్సింది పోయి ఒంట్లో నీళ్ళే పేగులోకి వస్తాయి, విరేచనాలు ఇంకా పెరుగుతాయి.

ప్యాకెట్ దొరికితే ప్యాకెట్టే మేలు, అందులో పొటాషియం, సిట్రేట్ కూడా ఉంటాయి. కానీ లీటరు ప్యాకెట్‌ను గ్లాసు నీళ్ళలో కలిపేవాళ్ళున్నారు, అది ప్రమాదం. 200 మిల్లీలీటర్ల చిన్న ప్యాకెట్లూ వస్తాయి, వెనక చదివి కలపండి. తియ్యటి టెట్రా ప్యాక్ డ్రింకులు వేరే సంగతి. వాటి మీద ఓఆర్‌ఎస్ అన్న పేరు ఉండకూడదని హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి పోరాడితే 2025 అక్టోబర్‌లో కేంద్ర ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆ పేరు వాడొద్దని ఆదేశమిచ్చింది. బీచ్ రోడ్డు కొబ్బరి బోండాం మంచిదే, అయితే అందులో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ, దీనికి బదులు కాదు. ఉప్పేసిన గంజి పర్వాలేదు.

పట్టేటప్పుడు తొందర పడొద్దు. చిన్నపిల్లలకు నిమిషానికో రెండు నిమిషాలకో ఒక చెంచా. వాంతి అయితే పది నిమిషాలు ఆగి, ఇంకా నెమ్మదిగా మొదలుపెట్టండి. తల్లిపాలు ఆపొద్దు. తాగించినా విరేచనాలు ఆగలేదని చాలామంది మానేస్తారు, ఈ నీళ్ళు విరేచనాలు ఆపవు, పోయిన నీళ్ళను తిరిగి నింపుతాయి. కలరాలో విషం క్లోరైడ్ గేట్లను తెరిచి వదిలేస్తుంది, నీళ్ళు అలా పోతూనే ఉంటాయి, అయినా ఎస్‌జీఎల్‌టీ1 పాడవదు. ఆ ఒక్క దారి మిగలబట్టే 1971లో బంగ్లాదేశ్ యుద్ధమప్పుడు పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్ శరణార్థి శిబిరంలో కలరా వచ్చి సెలైన్ అయిపోయినా డాక్టర్ దిలీప్ మహలనోబిస్ ఈ నీళ్ళతోనే జనాన్ని కాపాడగలిగారు, 30 శాతం దాకా ఉన్న మరణాలు 4 శాతం లోపుకు దిగాయి.

ఆరు గంటలుగా మూత్రం లేకపోయినా, విరేచనంలో రక్తం కనిపించినా, పిల్ల మగతగా ఉన్నా, తాగలేకపోతున్నా, పొట్ట మీద చర్మం పట్టి వదిలితే మెల్లగా వెనక్కి వెళ్తున్నా ఇక ఇంట్లో చూడొద్దు, ఆటో ఎక్కి హాస్పిటల్‌కి వెళ్ళండి, దారిలో కూడా చెంచాతో పడుతూనే ఉండండి. గుండె, కిడ్నీ జబ్బులున్న పెద్దవాళ్ళకు డాక్టర్‌ని అడిగే ఇవ్వండి. కలిపిన నీళ్ళు మూతపెట్టి 24 గంటలే వాడాలి, బాటిల్ మీద కలిపిన టైం రాసి పెట్టుకుంటే మర్నాడు తడుముకోనక్కర్లేదు.