పంపు కొనకముందే: బెంగళూరులో పెస్ట్ కంట్రోల్ పెట్టాలనుకునేవాళ్లకి

మారతహళ్లిలో నేనీ పని మొదలుపెట్టి పదకొండేళ్లు. మనవైపు కుర్రాళ్లు నెలకొకరైనా ఫోన్ చేసి "అన్నా, మందు కొట్టడానికి ఏ పంపు కొనమంటావ్?" అంటారు. నేను తిరిగి అడిగేది ఒక్కటే: "డిగ్రీలో కెమిస్ట్రీ ఉందా తమ్ముడూ?"

ఈ పనికి లైసెన్సు ఇచ్చేది కార్పొరేషన్ కాదు, వ్యవసాయ శాఖ. వేరుశనగ చేలో కొట్టే మందుకీ, వంటింట్లో బొద్దింకలకి పెట్టే జెల్‌కీ ఒకటే చట్టం, 1968 నాటి ఇన్‌సెక్టిసైడ్స్ యాక్ట్. దాని కింద 1971లో వచ్చిన రూల్స్ ప్రకారం అగ్రికల్చర్ డిగ్రీ ఉండాలి, లేదంటే కెమిస్ట్రీ ఒక సబ్జెక్టుగా సైన్స్ డిగ్రీ ఉండాలి. ఆపైన కనీసం 15 రోజుల శిక్షణ. మైసూరులో ఆహార పరిశోధన సంస్థ సీఎఫ్‌టీఆర్ఐ ఇస్తుంది, హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో మొక్కల ఆరోగ్య సంస్థ ఎన్ఐపీహెచ్ఎం ఇస్తుంది. మదనపల్లెలో నేను బీజెడ్‌సీలో (బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ) చేరినప్పుడు "ఈ చదువుకి ఏం ఉద్యోగమొస్తుందిరా" అని మా చిన్నాన్న నెత్తి కొట్టుకున్నాడు. ఇప్పుడు ఆయనింటి చెదలకి మందు కొట్టేది నేనే, అదీ ఊరికే.

బీకాం చదివినవాళ్లు దిగులుపడక్కర్లేదు. అర్హత ఉన్న మనిషిని భాగస్వామిగానో ఉద్యోగిగానో పెట్టుకోండి. సర్టిఫికెట్ అద్దెకిచ్చి ముఖం చూపించనివాళ్లు కొందరుంటారు, వాళ్ల జోలికి పోకండి. ఎవరికైనా మందు పడక ఆసుపత్రిలో చేరితే ఆ కాగితంలోని మనిషి ఫోనెత్తడు, పోలీసులు వచ్చేది మీ షాపుకి. లైసెన్సు చోటుని బట్టి ఇస్తారు కాబట్టి గోడౌన్ మారిస్తే ముందే శాఖకి చెప్పుకోవాలి.

మిగతా కాగితాలు తేలికే. కార్పొరేషన్ ట్రేడ్ లైసెన్సు, కార్మిక శాఖలో షాప్స్ రిజిస్ట్రేషన్, చిన్న వ్యాపారాలకి కేంద్రం ఇచ్చే ఉద్యమ్ నంబరు. ఉద్యమ్‌కి పైసా ఫీజు లేదు, ఎవడైనా అడిగితే ఇవ్వొద్దు. ఏడాది రాబడి 20 లక్షలు దాటితే జీఎస్టీ తప్పదు, మన పనికి 18 శాతం. ఐటీ ఆఫీసులు, అపార్ట్‌మెంట్ అసోసియేషన్లు కావాలంటే జీఎస్టీ ముందే తీసుకోవడం మేలు, అది లేకపోతే కొటేషనే చదవరు. చదివినా డబ్బు రెండు నెలలకి గానీ రాదు. ఆ రెండు నెలలూ నడిపేది పీజీలు (ప్రైవేటు హాస్టళ్లు), ఇళ్లు.

పీజీలంటే నల్లులు. నా మొదటి ఏడాది మున్నేకొలాల్లో నెల్లూరాయన పీజీ ఒకటి. "అన్నా, ఆ ఒక్క రూముకే కొట్టు, పక్కనోళ్లకి తెలిస్తే ఖాళీ చేసిపోతారు" అన్నాడు. నేను కొత్తవాణ్ణి, సరే అని కొట్టాను. రెండు వారాలకి తొమ్మిది రూములు. నల్లులు స్విచ్ బోర్డుల సందుల్లోంచి, పిల్లలు మార్చుకునే పరుపుల మీద పక్క గదులకి చేరాయి. మూడుసార్లు ఊరికే వెళ్లి కొట్టాను. అప్పట్నుంచి అనుమానమున్న గదితోపాటు అటూ ఇటూ, పైనా కిందా గదులు కలిపే ధర చెప్తాను. మంచం కోళ్ల కీళ్లు, ప్లైవుడ్ అంచులు, పరుపు కుట్లు టార్చితో చూస్తాను. గుడ్లకి మందు పనిచేయదు కాబట్టి 10 నుంచి 14 రోజుల్లో రెండోసారి రావడం ధరలోనే ఉంటుంది. ఒప్పుకోకపోతే పని తీసుకోను.

ఇంకోటి. మందు కొట్టిన గదిలో అదే రాత్రి పడుకుని ప్రాణాలు పోగొట్టుకున్న పిల్లలు ఈ ఊళ్లో ఉన్నారు. ఎన్ని గంటలు గది మూసి ఉంచాలో, ఎంతసేపు కిటికీలు తెరవాలో లేబుల్ చూసి కాగితం మీద రాసి ఓనరు సంతకం తీసుకోండి. అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలు ఇళ్లలోకి అసలు తీసుకెళ్లకూడదు. అది ఫాస్ఫీన్ అనే విష గ్యాస్ వదుల్తుంది, నిపుణుల పర్యవేక్షణ లేకుండా వాడటం నేరం. డీడీవీపీ (డైక్లోర్వాస్) అనే పురుగుమందు 2020 డిసెంబరు 31తో నిషేధమైంది. పాత స్టాకు సగం ధరకి ఇస్తామనేవాళ్లకి దణ్ణం పెట్టి వచ్చేయండి.

బొద్దింకలకి నేను స్ప్రే చాలా తగ్గించాను. కబ్బోర్డు కీళ్ల దగ్గర, ఫ్రిజ్ మోటారు వెనక ఇమిడాక్లోప్రిడ్ జెల్ చిన్న చుక్కలు పెడితే చాలు. జెల్ పెట్టినచోట స్ప్రే కొట్టారో, ఆ వాసనకి అవి జెల్ ముట్టవు.

చెదలకి గోడా నేలా కలిసేచోట అడుగుకొక రంధ్రం, 12 మిల్లీమీటర్ల డ్రిల్లు, రంధ్రానికి లీటరు ద్రావణం. అరవై అడుగుల గోడకి అరవై రంధ్రాలు, అరవై లీటర్లు. ఇమిడాక్లోప్రిడ్ 30.5 శాతం మందైతే లీటరు నీళ్లకి 2.1 మిల్లీలీటర్లు. లెక్క కస్టమరు ఎదుటే కట్టండి, బేరం ఆగిపోతుంది. పని అయ్యాక రంధ్రాలు వైట్ సిమెంటుతో పూడ్చాలి. టైల్స్ పగిలితే ఎవరు కట్టుకోవాలో ముందే మాట్లాడుకోండి, నేను ఒకసారి ఇటాలియన్ మార్బుల్ పలక డబ్బు కట్టాను.

కన్నడ నాలుగు మాటలు నేర్చుకోండి. బొద్దింక జిరళె, నల్లి తిగణె, చెదలు గెద్దలు. పందికొక్కు సంగతి సరదాగా ఉంటుంది, ఇంగ్లిషువాళ్ల బాండికూట్ మన మాటే.

ఏప్రిల్, మే నెలల్లో మొదటి వాన పడిన రాత్రి లైట్ల చుట్టూ ఉసుళ్లు, అంటే రెక్కలొచ్చిన చెదలు, చేరతాయి. మర్నాడు పొద్దున ఆరింటికే ఫోన్లు మొదలు. అవి బయట్నుంచి లైటుకొచ్చినవా, ఇంట్లో గోడలోంచి వచ్చినవా అన్నది ముందు అడగండి. బయటివైతే ఊడ్చేయమని చెప్పి ఫోన్ పెట్టేయండి, డబ్బడగొద్దు. గోడలోంచైతే డ్రిల్లు తీసుకుని బయల్దేరండి.