కార్డులు, కవర్లు మనమే చేసుకుందాం – 4వ పాఠం: పగిలిన మడతలు, పాత కవర్ల లోపలి గీతలు

డిజైన్ ఆలోచనలు ఎక్కడ దొరుకుతాయో, నేను ఏయే కాగితాలు దాచుకుంటానో ఈసారి చెప్తానన్నాను. చెప్తాను, కానీ ముందు మీ మడతల సంగతి తేలాలి. మడత కార్డు చేయమంటే చాలామందికి మడత దగ్గర కాగితం పగిలి పీచు బయటికొచ్చింది. కొందరికి అదే ప్యాకెట్‌లోని కాగితంతో శుభ్రంగా వచ్చింది. పగిలినవాళ్లు నెపం కాగితం మీద వేసి, ఇంకా మందమైనది కొన్నారు. అది ఇంకా ఎక్కువ పగిలింది.

శుభ్రంగా వచ్చినవాళ్లు ఏం చేశారంటే, చెప్పినట్టే ఏ4 షీటును రెండు ముక్కలుగా కోసి, ఒక్కో ఏ5 ముక్కను మడిచి ఏ6 కార్డు చేశారు. పగిలినవాళ్లు పెద్ద కార్డైతే బాగుంటుందని ఏ4 షీటునే నేరుగా మడిచేశారు. తేడా అంతా అక్కడే ఉంది.

మిషన్ మీద కాగితం తయారయ్యేటప్పుడు నీళ్లగా ఉన్న గుజ్జును కదులుతున్న జల్లెడ మీద పోస్తారు. జల్లెడ ఏ వైపు పరుగెడుతుందో పోగులు ఎక్కువగా ఆ వైపుకే సర్దుకుంటాయి. ప్రెస్సులో దీన్ని గ్రెయిన్ అంటారు. వెదురు బద్ద నిలువునా ఇట్టే చీలుతుంది, అడ్డంగా విరవబోతే పేళ్లు లేస్తాయి, కాగితమూ అంతే. గ్రెయిన్ వెంబడి మడత పడితే పోగుల మధ్య సందులో పడుతుంది. అడ్డంగా మడిస్తే పోగులనే విరవాలి. పల్చటి కాగితంలో ఇది కనిపించదు, కార్డు మందానికి వచ్చేసరికి బయటపడుతుంది. చేత్తో చేసిన కాగితంలో ఈ గొడవ చాలా తక్కువ. అక్కడ తొట్టిలోంచి ఎత్తిన జల్లెడను అటూ ఇటూ ఊపుతారు కాబట్టి పోగులు అన్ని వైపులకూ పరుచుకుంటాయి.

ఇప్పుడు పెన్సిల్ తీసుకుని ఒక ఏ4 షీటు మీద పొడుగు వైపుకు, అంటే 297 మి.మీ. అంచుకు సమాంతరంగా, ఒక బాణం గీయండి. ప్రింటర్‌కి వాడే మామూలు ఏ4 కాగితంలో గ్రెయిన్ చాలావరకు ఇలాగే ఉంటుంది. షీటును అడ్డంగా మడిచి ఏ5 కార్డు చేస్తే మడత గీత బాణాన్ని ఖండిస్తుంది, కాబట్టి పగులుతుంది. అదే షీటును సగానికి కోస్తే ఏ5 ముక్కలో బాణం పొట్టి అంచు వైపుకు తిరిగి ఉంటుంది. ఆ ముక్కను మడిస్తే మడత గీత బాణానికి సమాంతరంగా పడుతుంది.

ఏ4, ఏ5 లాంటి ‘ఏ’ వరస కాగితాల్లో పొడవుకూ వెడల్పుకూ నిష్పత్తి రెండు వర్గమూలం, అంటే సుమారు 1.414. సగానికి కోసిన ప్రతిసారీ ఆకారం మారదు. ఈ సుగుణం గురించి జర్మన్ శాస్త్రవేత్త లిక్టెన్‌బర్గ్ 1786లోనే ఒక ఉత్తరంలో రాశాడు, 1922లో జర్మనీ దాన్ని ప్రమాణం చేసింది. ఆకారం మారదు కానీ, కోసిన ప్రతిసారీ గ్రెయిన్ ఒక మలుపు తిరుగుతుంది: ముందు పొడుగు వైపు ఉంటే తర్వాత పొట్టి వైపు, మళ్లీ కోస్తే పొడుగు వైపు. అందుకే ఏ5 కార్డే కావాలనుకున్నవాళ్లు పొడుగు వైపు గ్రెయిన్ ఉన్న ఏ3 కాగితం తెచ్చి సగానికి కోయండి. అప్పుడొచ్చే ఏ4లో గ్రెయిన్ పొట్టి వైపు ఉంటుంది, మడత కుదురుతుంది.

గ్రెయిన్ ఎటుందో తెలుసుకోవడానికి మూడు నాలుగు పద్ధతులున్నాయి. చింపి చూడొచ్చు: గ్రెయిన్ వెంబడి సూటిగా చిరుగుతుంది, అడ్డంగా వంకర పోతుంది. ఒక వైపు తడిపి చూడొచ్చు: కాగితం గొట్టంలా చుట్టుకుంటే, గొట్టం పొడవు ఏ వైపుంటే గ్రెయిన్ ఆ వైపు. ఈ రెండింట్లోనూ షీటు పాడవుతుంది, నాకు ప్రాణం ఒప్పదు. నేను మడత పడకుండా షీటును అరచేతుల మధ్య మెల్లగా వంచి చూస్తాను, ముందు ఒక వైపు, తర్వాత రెండో వైపు. సులువుగా లొంగిన వైపే మడత వేస్తాను. కార్డు మందంలో తేడా వెంటనే చేతికి తెలుస్తుంది.

ఇంకో రెండు చిన్న సంగతులు. బోన్ ఫోల్డర్‌తో, అంటే మొద్దు మొనగల మడత పుల్లతో, మడత గీత మీద నొక్కి క్రీజ్ కొడితే ఒక వైపు గాడి, రెండో వైపు ఉబ్బు వస్తాయి. మడిచాక ఉబ్బు లోపల ఉండాలి. మీలో చాలామంది పుస్తకం మూసినట్టు గాడి లోపలికి మడిచారు. రెండోది, లేజర్ ప్రింటర్ టోనర్ కాగితం పైనే పొరలా నిలుస్తుంది. ముదురు రంగు మడత మీదుగా పోతే గ్రెయిన్ సరిగ్గా ఉన్నా తెల్లగా రాలుతుంది. మడతకు అటూ ఇటూ కాస్త జాగా వదిలేసి డిజైన్ చేయండి. రూలరు, కట్టరు పట్టుకోవడం గురించి చెప్పను, అది మీకు వచ్చు.

ఇక నాకు ఒళ్లు మండే విషయం. "మంచి కాగితం కావాలి, ఎన్ని జీఎస్ఎమ్ కొనమంటారు?" అని అడుగుతున్నారు. జీఎస్ఎమ్ అంటే ఒక చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందన్నది, అంతే. అది బరువు. మందం కాదు, గట్టిదనం కాదు, నాణ్యత అసలే కాదు. ఏ0 షీటు ఒక చదరపు మీటరు. దాన్లో ఏ4లు 16 పడతాయి. కాబట్టి 80 జీఎస్ఎమ్ ఏ4 ఒక్కటి 5 గ్రాములు. పేరు లేని కాగితం చేతికొస్తే 16 ఏ4 షీట్లు తూకం వేయండి, ఎన్ని గ్రాములు వస్తే అదే దాని జీఎస్ఎమ్. దీని ఉపయోగం ఇంతవరకే.

మందం సంగతి చూడండి. ఆర్ట్ కార్డు మీద నున్నటి పూత వేసి, రోలర్ల మధ్య నొక్కుతారు. వాటర్ కలర్ కాగితం గరుకుగా, గుల్లగా ఉంటుంది. రెండూ 300 జీఎస్ఎమ్ అయినా పక్కపక్కన పెడితే రెండోది మందంగా ఉంటుంది. రాత సంగతి చూడండి. టొమోఎ రివర్ అనే జపాన్ కాగితం 52 జీఎస్ఎమ్‌లో దొరుకుతుంది, దాని వెనక వేలు పెడితే వేలు కనిపిస్తుంది. అయినా ఫౌంటెన్ పెన్నుతో రాస్తే సిరా పాకదు, సాధారణంగా వెనక్కి దిగదు. సిరా పాకడం, పాకకపోవడం చాలావరకు సైజింగ్ మీద ఆధారపడుతుంది. పోగులు నీళ్లు పీల్చుకోకుండా గుజ్జులోనో, కాగితం పైనో కలిపే పదార్థం అది. అద్దుడు కాగితంలో సైజింగ్ ఉండదు కాబట్టే సిరా తాగేస్తుంది. దాన్ని 250 జీఎస్ఎమ్‌లో తయారు చేసినా తాగుతుంది!

అమెరికా లెక్కల్లో ఇంకా గందరగోళం. అక్కడ 500 షీట్ల బరువును పౌండ్లలో చెప్తారు, కానీ షీటు సైజు కాగితం రకాన్ని బట్టి మారిపోతుంది. టెక్స్ట్ అంటే లోపలి పేజీల కాగితం, కవర్ అంటే అట్టల కాగితం: 80 పౌండ్ల టెక్స్ట్ సుమారు 118 జీఎస్ఎమ్, 80 పౌండ్ల కవర్ సుమారు 216 జీఎస్ఎమ్. అంకె ఒకటే, కాగితం బరువు మాత్రం రెండింతలకు కాస్త తక్కువ. అంచేత ఎవరైనా అంకె చెప్పి మెప్పించబోతే ఆ కాగితం ముక్క ఒకటి ఇమ్మనండి. వంచండి, మీ పెన్నుతో రాయండి, మడవండి. ఆ మూడూ అయ్యాక అంకె అడగండి.

సరే, దాచుకునే కాగితాలకు వద్దాం. నేను డిజైన్ ఆలోచనల కోసం స్క్రీన్ దగ్గరికి దాదాపు వెళ్లను. అక్కడ కాగితం బొమ్మ ఉంటుంది కానీ కాగితం ఉండదు, అది ఎలా మడతపడుతుందో, వెలుతురుకు పెడితే ఏం చేస్తుందో తెలియదు. చేతికొచ్చిన పనికాగితాల్లోంచే తీసుకుంటాను. అలంకారం కోసం చేసినవాటి కంటే ఏదో పని కోసం చేసినవే నాకు ఎక్కువ ఇస్తాయి.

అన్నిటికంటే ఇష్టమైనవి బ్యాంకు ఉత్తరాలు వచ్చే కవర్ల లోపలి గీతలు. వెలుతురుకు పట్టుకుంటే లోపలి అక్షరాలు చదవలేకుండా లోపల వేసే డిజైన్ అది. గళ్లు, అలలు, అల్లికలు, కొన్నిసార్లు కంపెనీ గుర్తునే వందలసార్లు అచ్చేస్తారు. ఖర్చు తగ్గాలి కాబట్టి సాధారణంగా ఒకే రంగు ఉంటుంది: నీలం, బూడిద, నలుపు. ఒక్క రంగు, చిన్న ఆకారం, అదే మళ్లీ మళ్లీ. ఈ పరిమితుల్లో ఇన్ని రకాలు వచ్చాయంటే మనకు పన్నెండు రంగులు ఎందుకు? పైగా అది లోపల ఉంటుంది, బయట కవరు మామూలుగా ఉంటుంది. తెరిచినవాళ్లకే కనిపించే డిజైన్ అన్న ఆలోచన నాకు ఇక్కడే దొరికింది, ఇప్పటికీ నా కార్డులన్నిట్లో బయట ఖాళీ ఎక్కువ. నచ్చనివాళ్లు బయట కూడా నింపుకోండి, నేను మాత్రం నింపను.

తర్వాత ఫ్రాన్స్ బడి నోట్‌బుక్కులు. సెయెస్ రూలింగ్ అంటారు. 8 మి.మీ. గళ్లు, ఒక్కో గడిలో 2 మి.మీ. దూరంతో మూడు సన్న గీతలు. అక్షరం ఎత్తు ఎంత ఉండాలో, కొమ్ములు ఎంత లేవాలో గీతే చెప్పేస్తుంది. ఎన్వలప్ మీద అడ్రస్ రాయడానికి అదే కొలతతో ఒక గీతల షీటు చేసుకుని లోపల పెట్టి రాస్తుంటాను. రోడియా ప్యాడ్ కూడా ఫ్రాన్స్‌దే: నారింజ అట్ట, పైన పిన్నులు, తేలిగ్గా చిరగడానికి సన్న చిల్లులు, ఊదా రంగు 5 మి.మీ. గళ్లు. నా కొలతలన్నీ దాని మీదే వేస్తాను కాబట్టి నా డిజైన్లలో అన్నీ 5 మి.మీ. గుణిజాలే. బద్ధకం అనుకోండి.

రసీదు పుస్తకాల తెలుపు, పసుపు, గులాబి వరస కూడా దాచాను, కార్డు సెట్లకు మూడు రంగులు కావాలంటే అక్కడ చూస్తాను. సామాన్ల ట్యాగుల్లో చిల్లు చుట్టూ అంటించే గట్టి కాగితం ఉంగరం మరో ఇష్టం. చిరగకుండా పెట్టిన ముక్కే దాని అందం. మ్యాపుల్లో మియురా మడత ఒకటి ఉంది. జపాన్ శాస్త్రవేత్త కోర్యో మియురా కనిపెట్టాడు, ఒక మూల లాగితే మొత్తం తెరుచుకుంటుంది. 1995లో ఒక జపాన్ ఉపగ్రహంలో సౌర పలకను కూడా ఇదే పద్ధతిలో మడిచి పంపారు. ఇది మీకు ఇంకో పాఠంలో.

వీటిని ఊరికే డబ్బాలో వేయకండి. గీతల్లేని నోట్‌బుక్‌లో ఒక పేజీకి ఒక్కటే అతికించి, కింద ఒక కొలత, ఒక ప్రశ్న రాయండి. కొలత అంటే గీతల మధ్య దూరమో, చిల్లు అంచు నుంచి ఎంత దూరంలో ఉందో. ప్రశ్న ఎప్పుడూ ఒకటే: ఈ కాగితం ఏ పని చేయడానికి ఇలా తయారైంది? "బాగుంది" అని రాయొద్దు. ఆ మాటతో తర్వాత ఏమీ చేయలేం. నీళ్ల జిగురు బదులు డబుల్ టేప్ వాడండి. తడి తగిలితే పోగులు పొడవులో కంటే వెడల్పులో చాలా ఎక్కువ ఉబ్బుతాయి, పేజీ అలలు దేలుతుంది. పోయినసారి అట్ట మీద కాగితం అతికించాక విల్లులా వంగిపోయిందన్నవాళ్లకు జవాబు కూడా ఇదే: అట్టకూ కాగితానికీ గ్రెయిన్ ఒకే వైపు ఉంచండి, ఆరేదాకా బరువు పెట్టండి.

అభ్యాసం. ఈసారి కాస్త ఎక్కువే.

ఒక కవరు లోపలి డిజైన్ ఎంచుకోండి. దాన్ని కాపీ కొట్టకుండా, దాని పద్ధతిలో మీ సొంత ఆకారం ఒకటి 40 మి.మీ. చదరంలో గీయండి, అంచులను తాకకుండా మధ్యలో. ఒకే రంగు. తర్వాత చదరాన్ని నిలువునా సగానికి కోసి రెండు ముక్కలనూ తారుమారు చేసి వెనక టేపు వేయండి. మధ్యలో ఖాళీ వస్తుంది, దాన్ని నింపండి. మళ్లీ అడ్డంగా కోసి అదే పని చేయండి. ఇప్పుడు ఆ చదరాన్ని ఎన్నిసార్లు పక్కపక్కన అచ్చేసినా అతుకు కనిపించదు. కనిపిస్తే రెండోసారి నింపేటప్పుడు అంచు దాకా గీశారన్నమాట.

ఆ డిజైన్‌ను సన్నటి కాగితం మీద ప్రింట్ తీసి సి6 కవరుకు లోపలి పొర చేయండి. సి6 అంటే 114 × 162 మి.మీ., పోయినసారి చేసిన ఏ6 కార్డు పడుతుంది. పొర కవరు కంటే అన్ని వైపులా 3 మి.మీ. చిన్నదిగా ఉండాలి, పైన జిగురు పట్టీని వదిలేయాలి. మూత భాగం మాత్రమే అతికించండి, కింది భాగం వదులుగా ఉండనివ్వండి. మొత్తం అతికిస్తే మూత మడిచినప్పుడు పొర ముడత పడుతుంది. పొర గ్రెయిన్ మూత మడతకు సమాంతరంగా ఉండాలి. దాన్ని కోసే ముందే వంచి చూసుకోండి.

పాత కార్డు పగిలినవాళ్లు దీనికి ముందు ఒకే షీటులోంచి రెండు ముక్కలు కోసి, ఒకటి గ్రెయిన్ వెంబడి, ఒకటి అడ్డంగా మడిచి నోట్‌బుక్ మొదటి పేజీలో అతికించాలి. పగలనివాళ్లు కూడా. 5వ పాఠానికి ఆ పేజీ, కవరు రెండూ దగ్గర పెట్టుకోండి, ఆ కవరు మీదే అడ్రస్ రాయడం మొదలుపెడతాం.