చికాగో చలిలో మా పాప చర్మం పగుళ్లు ఎలా తగ్గాయంటే

విజయవాడ నుంచి మేం చికాగో చేరేసరికి డిసెంబరు. పాపకి అప్పుడు పది నెలలు. వచ్చిన కొద్ది రోజులకే బుగ్గలు ఎర్రగా కందిపోయాయి, మోకాళ్ల వెనక చర్మం గరుకై పొట్టు లేచింది. రాత్రుళ్లు గోక్కుంటూ ఏడుస్తుంటే చూడలేకపోయేవాళ్లం. బయట చలి ఒక్కటే కాదు, ఇంట్లో హీటర్ వల్ల గాలి బాగా పొడిబారడమూ కారణమేనని పిల్లల డాక్టర్ చెప్పారు.

ముందు సున్నిపిండి ఆపేశాం. అమ్మ ఫోన్‌లో ఒప్పుకోలేదు గానీ, పగిలిన చర్మాన్ని రుద్దితే మంట ఇంకా పెరుగుతుంది. గోరువెచ్చని నీళ్లతో స్నానం త్వరగా ముగించి, టవల్‌తో మెత్తగా అద్ది, ఒళ్లు కాస్త తడిగా ఉండగానే వాసన లేని పెట్రోలియం జెల్లీ దట్టంగా రాశాం. ఆ తడి ఆరకముందే రాయడంలోనే ఉంది అసలు గుణం. పడకగదిలో హ్యూమిడిఫైయర్ (గాలికి తేమనిచ్చే యంత్రం) పెట్టి తేమ 40 శాతం దగ్గర ఉండేలా చూసుకున్నాం. దాని నీళ్లు రోజూ మార్చాలి, లేకపోతే బూజు పడుతుంది. క్రమంగా గోకడం తగ్గింది, పాప హాయిగా నిద్రపోయింది.

తల్లిపాలు తాగే పిల్లలకి ఇక్కడ రోజుకి 400 ఐయూ విటమిన్ డి చుక్కలు వేయమంటారు. ఇంకో సంగతి, మన దగ్గర తొమ్మిదో నెలలో వేసే ఎంఆర్ (తట్టు, రుబెల్లా) టీకాని అమెరికాలో లెక్కలోకి తీసుకోరు. ఏడాది నిండాక ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా టీకా) రెండు డోసులూ వేయించాలి. టీకాల కార్డు మాత్రం చెక్-ఇన్ సూట్‌కేసులో వేయకండి, చేతి బ్యాగులోనే ఉంచుకోండి.