మోకాళ్ల నొప్పి మాత్ర వేసుకునే ముందు

నాట్ల రోజుల్లో పొద్దంతా బురదలో వంగి పనిచేస్తే, ఆర్థ్రైటిస్ ఉన్న మోకాళ్లు రాత్రికి సలుపుతాయి. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటివి వాపును, నొప్పిని తగ్గిస్తాయి. కీలు అరుగుదలను ఆపవు.

ఒక్క మోకాలే నొప్పి పెడుతుంటే ముందు డైక్లోఫెనాక్ జెల్ రాసి చూడండి. రక్తంలోకి చాలా తక్కువగా చేరుతుంది.

మాత్ర తప్పదనుకుంటే అన్నం తిన్నాకే వేసుకోండి.

అట్ట మీద మందు పేరు చదవండి. కంపెనీ పేర్లు వేరైనా లోపల ఒకే మందు ఉండవచ్చు. ఈ రకం మాత్రలు రెండు కలిపి వాడకూడదు.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది మూత్రపిండాల సంగతి. బీపీకి రామిప్రిల్ లేదా టెల్మిసార్టన్, దానికి తోడు నీరు పోయే మాత్ర వాడేవారు ఈ నొప్పి మాత్ర కూడా కలిపితే మూత్రపిండాలు ఉన్నట్టుండి దెబ్బతినవచ్చు. రోహిణి కార్తె ఎండలో చెమటతో ఒళ్లు ఎండినా, వాంతులు, విరేచనాలు పట్టుకున్నా ఆ ప్రమాదం ఇంకా పెరుగుతుంది. ఆ రోజుల్లో దయచేసి వేసుకోకండి.

గుండె జబ్బు, కడుపులో పుండు, గర్భం ఉన్నవారు, రక్తం పలచబడే మందు వాడేవారు వైద్యుడు చెప్పనిదే ముట్టుకోవద్దు.

వానాకాలంలో జ్వరం వస్తే డెంగీ కాదని తేలేదాకా ఆపండి. ఇవి రక్తస్రావం ముప్పును పెంచుతాయి.

మలం తారులా నల్లగా వచ్చినా, రక్తం కక్కినా తెల్లవారేదాకా ఆగకుండా అమలాపురమో, రాజమహేంద్రవరమో, దగ్గరున్న ఆసుపత్రికి వెళ్లండి. వాడిన మాత్రల అట్ట వెంట తీసుకెళ్లండి.