‘ఇంకొక్క మ్యాచ్’ దగ్గరే ర్యాంక్ పోతోంది: టిల్ట్ సమస్యలు, పరిష్కారాలు

రాత్రి పదకొండింటికి మూడు నిమిషాల బ్లిట్జ్ చెస్ ఒక్కటి ఆడి పడుకుందామని ఫోన్ తీశాను. గెలవాల్సిన గేమే. నాకు రెండు బంట్లు ఎక్కువున్నాయి, కానీ గడియారంలో టైమ్ అయిపోయింది. ఒంటిగంటకి చూసుకుంటే రేటింగ్ 1512 నుంచి 1420కి దిగిపోయింది. ఆ మొదటి గేమ్‌లో పోయినవి 8 పాయింట్లే. మిగతా 84 కోపం తినేసింది.

గేమర్లు దీన్ని ‘టిల్ట్’ అంటారు. పిన్‌బాల్ మిషన్ల కాలం నాటి మాట ఇది. బంతి కిందికి జారిపోతోందని మిషన్‌ని పట్టుకుని ఊపేస్తే లోపలి లోలకం దాన్ని పసిగట్టేది. ‘టిల్ట్’ అని లైటు వెలిగేది, బంతిని పైకి కొట్టే ఫ్లిప్పర్లు పనిచేయడం మానేసేవి. అంటే ఊపినందుకు ఉన్న బంతి కూడా పోయేది. ఆ మాటని తర్వాత పోకర్ ఆడేవాళ్లు ఎత్తుకున్నారు, అక్కడి నుంచి ఆన్‌లైన్ గేమ్‌లకి వచ్చింది. మన భాషలో చెప్పాలంటే తిక్క మీద ఆడడం.

బీజీఎమ్ఐ, వాలరెంట్ లాంటి తుపాకీ గేమ్‌లు, ఆన్‌లైన్ చెస్ ఆడేవాళ్లలో నేను తరచూ చూసేవి కింద రాశాను. సగం నావే.

ముందు ఇది తేల్చుకోండి: తప్పు ఫోన్‌దా, మనదా?

ఎప్పుడూ 40, 50 ఉండే పింగ్ (మన ఫోన్ నుంచి సర్వర్‌కి సమాచారం వెళ్లి రావడానికి పట్టే మిల్లీసెకన్లు) 180 దాకా ఎగురుతుంటే అది మనసు సమస్య కాదు. సాయంత్రం ఇంట్లో అందరూ ఏదో ఒకటి చూస్తుంటారు, మనం రూటర్‌కి రెండు గోడల అవతల కూర్చుంటాం. 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌కి మారి, రూటర్ ఉన్న గదిలోనే ఆడి చూడండి. ఛార్జింగ్ పెట్టి ఆడే అలవాటుంటే మానేయండి. ఫోన్ బాగా వేడెక్కితే ప్రాసెసర్ తన వేగం తానే తగ్గించుకుంటుంది, ఫ్రేమ్‌లు పడిపోతాయి. రోజూ మూడో మ్యాచ్ నుంచే ఆట పాడవుతోందంటే ఓసారి ఫోన్ వెనక చెయ్యి పెట్టి చూడండి.

పింగ్ బాగానే ఉంది, ఫోన్ చల్లగానే ఉంది, అయినా నోటివెంట ‘ల్యాగ్ రా బాబూ’ వస్తోందంటే మిగతాది చదవండి.

లక్షణం: ఓడిన స్క్రీన్ పూర్తిగా కనబడకముందే వేలు స్టార్ట్ మీదికి పోతుంది

ర్యాంక్ ఎక్కువగా కారిపోయేది ఇక్కడే.

కారణం: పోయిన పాయింట్లని మనం అప్పులా చూస్తాం. అది రాబట్టుకుని పడుకుందాం అనుకుంటాం. రేటింగ్ లెక్క తెలిస్తే ఆ ఆలోచన ఎంత ఖరీదైనదో అర్థమవుతుంది. చెస్‌లో ఆర్పాడ్ ఎలో తయారుచేసిన పద్ధతిని అంతర్జాతీయ సమాఖ్య ఫిడే 1970లో తీసుకుంది. ఆన్‌లైన్ ర్యాంకుల్లో చాలావాటికి మూలం ఆ ఆలోచనే. దాని ప్రకారం సమాన రేటింగ్ ఉన్నవాడితో వంద గేమ్‌లు ఆడితే 50 పాయింట్లు రావాలి (గెలుపుకి ఒకటి, డ్రాకి అర). మనకంటే రేటింగ్ వంద ఎక్కువున్నవాడితో అయితే 36 మాత్రమే.

ఇప్పుడు తిక్కలో మన ఆట వంద పాయింట్ల మేర దిగజారిందనుకోండి. ఆ సంగతి సర్వర్‌కి తెలియదు. మన పాత రేటింగ్ చూసి పాత స్థాయి వాళ్లనే జత కలుపుతుంది. అంటే సగం గెలవాల్సిన చోట మూడో వంతుకి కాస్త పైన గెలుస్తూ, ‘ఇవాళ టైమ్ బాగాలేదు’ అనుకుంటుంటాం. ఇంకో లెక్క కూడా ఉంది. గెలుపోటములు సగం సగం అయినా, వరసగా నాలుగు ఓడే అవకాశం పదహారింట్లో ఒకటి. వారమంతా ఆడేవాడికి అలాంటి వరస తగలకపోతేనే వింత.

పరిష్కారం: వరసగా రెండు ఓడితే పావుగంట ఆపాలి, మూడు ఓడితే ఆ రోజుకి ఆట లేదు. ఈ షరతు ఆట తెరవకముందే పెట్టుకోవాలి. ఓడాక పెట్టుకున్న షరతుకి విలువుండదు, మనమే లాయరు, మనమే జడ్జి. ఆ పావుగంట ఫోన్ చేతిలో ఉండకూడదు. కళ్లు మూసుకుని పది లెక్కపెట్టడం లాంటివి నా దగ్గర పనిచేయలేదు, ఏడు దగ్గరే క్యూలో ఉండేవాణ్ణి. పనిచేసింది డాబా ఎక్కి ఆరేసిన బట్టలు తేవడం. మెట్లెక్కి, క్లిప్పులు తీసి, మడతపెట్టి కిందికొచ్చేసరికి ఎవడి చేతిలో ఓడానో సగం మర్చిపోయేవాణ్ణి. ‘వీడికేమైంది, రోజూ వీడే తెస్తున్నాడు’ అని అమ్మకి అనుమానం కూడా వచ్చింది.

2024 డిసెంబర్‌లో న్యూయార్క్‌లో జరిగిన ప్రపంచ ర్యాపిడ్ చెస్‌లో కోనేరు హంపి మొదటి రౌండే ఓడిపోయింది. చివరికి 11 రౌండ్లలో 8.5 పాయింట్లతో టైటిల్ ఆమెదే, ఆఖరి రౌండ్‌లో నల్లపావులతో ఇండోనేషియా క్రీడాకారిణి ఐరీన్ సుకందర్ మీద గెలిచి మరీ. ఆమె స్థైర్యం సంగతి పక్కన పెట్టినా, ఒక తేడా గమనించండి. అక్కడ రౌండ్‌కీ రౌండ్‌కీ మధ్య విరామం టోర్నమెంట్ వాళ్లే ఇస్తారు, ఆటగాడు బల్ల దగ్గర నుంచి లేవాల్సిందే. మన యాప్‌లో ఓటమి పక్కనే ‘మళ్లీ ఆడు’ బటన్ ఉంటుంది.

లక్షణం: చంపినవాడి మీదికే మళ్లీ వెళ్లడం

బీజీఎమ్ఐ మ్యాప్‌లోని పోచింకి అనే ఊళ్లో ఓ రాత్రి మా స్క్వాడ్. మైక్‌లో తమ్ముడి గొంతు: “అన్నా నాక్ అయ్యా, రెండో అంతస్తు కిటికీ!” నాక్ అంటే పడిపోవడం, ఇంకా చావలేదు. పాక్కుంటూ వెళ్లి లేపాను. లేచీ లేవగానే అదే గుమ్మం, అదే కిటికీ వైపు తల పెట్టాడు. “వాడి సంగతి చూస్తా ఆగన్నా” అన్నది పూర్తికాలేదు, హెడ్‌షాట్. వాణ్ణి లేపబోయి నేనూ పోయాను.

కారణం: కోపంలో చూపు సన్నబడుతుంది. మ్యాప్, జోన్, మన హెల్త్, పక్కింట్లో అడుగుల చప్పుడు ఏవీ లెక్కలో ఉండవు, ఆ ఒక్క కిటికీయే ఉంటుంది. అవతలివాడికి ఇది అయాచిత వరం. ఇందాక కొట్టిన చోటికే గురిపెట్టి కూర్చుంటే చాలు.

పరిష్కారం: లేచాక మొదటి అడుగు వెనక్కే. స్మోక్ (పొగ బాంబు) వేయండి, గోడ మారండి, ఫస్ట్ ఎయిడ్ కిట్ వాడండి. అది పూర్తవడానికి 6 సెకన్లు పడుతుంది, హెల్త్ 75 దాకా వస్తుంది. ఆ 6 సెకన్లు బార్ నిండడాన్ని చూస్తూ కూర్చోకుండా మ్యాప్ తెరవండి. మళ్లీ పోరాడాలనుకుంటే వేరే కోణం నుంచి రండి. ప్రతీకారం తీర్చుకోవద్దని కాదు, అదే కిటికీ నుంచి వద్దని.

లక్షణం: డబ్బుల్లేకపోయినా తుపాకీ కొనడం

వాలరెంట్ ఆడేవాళ్లకి ఇది. మొదటిదైన పిస్టల్ రౌండ్ ఓడారు, ఉన్న 800 క్రెడిట్లు (ఆటలో ఆయుధాలు కొనే డబ్బు) ఖర్చయిపోయాయి. ఓడినందుకు 1900 క్రెడిట్లు వచ్చాయి. ఉక్రోషంతో ఆ 1900 పెట్టి దొరికింది కొంటే, ఆ రౌండ్ కూడా పోయాక చేతిలో ఉండేది 2400. దాంతో వ్యాండల్ అనే రైఫిల్ రాదు, దాని ధర 2900. కొనకుండా ఓర్చుకుని ఉంటే 1900, 2400 కలిసి 4300 అయ్యేవి. వ్యాండల్, 1000 పెట్టి హెవీ షీల్డ్ కొన్నా ఇంకా 400 మిగిలేవి. కిల్స్‌కి వచ్చే 200లు ఈ లెక్కలో వేయలేదు. ఉక్రోషంలో ఉన్నవాడు ఎలాగూ అవే లెక్కేసుకుంటాడు.

పరిష్కారం చిన్నదే. కొనేముందు నలుగురి డబ్బులూ చూడండి. టీమంతా కలిసి ఫోర్స్ చేస్తే (చాలీచాలని డబ్బుతోనే కొంటే) అది ప్లాన్, మీరొక్కరే చేస్తే అది కోపం.

లక్షణం: రెండు మ్యాచ్‌లకోసారి సెన్సిటివిటీ మార్చడం

సెన్సిటివిటీ అంటే వేలు కదిపితే గురి ఎంత జరగాలో చెప్పే సెట్టింగ్. ఎవరో స్ట్రీమర్ కోడ్ కాపీ కొట్టడం, నాలుగు వేళ్ల నుంచి మళ్లీ బొటనవేళ్లకి మారడం, స్కోప్ సెట్టింగ్ తగ్గించి పెంచడం. దీన్ని ఎవరూ కోపమనుకోరు, ‘ఆట మెరుగుపరుచుకోవడం’ అనుకుంటారు. నా లెక్కలో ఇది టిల్ట్‌కి అన్నిటికంటే నమ్మకమైన గుర్తు.

కారణం: చేతులు బిగుసుకుపోయాయి. జైరో (ఫోన్‌నే కదిపి గురిపెట్టే పద్ధతి) పెట్టి ఆడేవాళ్లు ఫోన్‌ని గట్టిగా నొక్కిపట్టుకుంటే మణికట్టు కదలిక మొరటుగా మారుతుంది, గురి లక్ష్యాన్ని దాటిపోతుంది. సెట్టింగ్ నిన్నటిదే, చెయ్యి నిన్నటిది కాదు. 1908లో యెర్క్స్, డాడ్సన్ అనే ఇద్దరు అమెరికా శాస్త్రవేత్తలు ఎలుకల మీద చేసిన ప్రయోగం ఇక్కడ గుర్తొస్తుంది. తేలిక పని నేర్పేటప్పుడు షాక్ పెంచేకొద్దీ ఎలుకలు త్వరగా నేర్చుకున్నాయి. కష్టమైన పనిలో మాత్రం షాక్ ఓ మోస్తరు దాటాక వెనకబడ్డాయి. మనుషులకి, అందులోనూ గేమ్‌లకి, దాన్ని అచ్చంగా అంటగట్టలేం గానీ, ఎదురుపడ్డవాడి మీద దగ్గర్నుంచి షాట్‌గన్ పేల్చడానికి కోపం పెద్దగా అడ్డు రాకపోవడం, దూరాన పరుగెత్తేవాణ్ణి స్కోప్‌లో పట్టడానికి అడ్డు రావడం ఆడేవాళ్లందరికీ అనుభవమే.

పరిష్కారం: ఓడిన రోజు సెట్టింగ్స్ తెరవొద్దు. ఇప్పుడున్న అంకెల స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. మార్చాలనిపిస్తే మర్నాడు ట్రైనింగ్ గ్రౌండ్‌లో, ఆటకి ముందు మార్చండి. మ్యాచ్ మొదట్లో మనల్ని దింపే విమానం ఎగిరే ఆ కాసేపూ ఫోన్ ఒళ్లో పెట్టి అరచేతులు ప్యాంటుకి తుడుచుకోండి, భుజాలు దించండి. బొటనవేలి గోరు తెల్లబడేంత నొక్కుతున్నారేమో చూసుకోండి.

లక్షణం: మైక్‌లో మీ గొంతు తప్ప ఎవరిదీ వినిపించట్లేదు

మిగతావాళ్లు మిమ్మల్ని మ్యూట్ చేసి ఉంటారు. ‘ఏం ఆటరా అది’ అని మొదలుపెట్టిన దగ్గర్నుంచి స్క్వాడ్‌లో సమాచారం ఆగిపోతుంది. చెప్పి తిట్లు తినడం కంటే చెప్పకుండా ఉండడమే మేలని వాళ్లకి అనిపిస్తుంది. ఆ తర్వాత వెనక నుంచి కారొస్తున్నా ఎవరూ చెప్పరు. రెండే మాటలకి పరిమితమవ్వండి: ఎంతమంది, ఎక్కడ. అదీ చేతకాని రాత్రి మైక్ ఆపేసి మ్యాప్‌లో మార్కర్లు పెట్టండి. అవతలివాడు తిడుతుంటే జవాబివ్వకుండా మ్యూట్ చేయండి. వాడితో వాదన గెలిచినా ర్యాంక్ పెరగదు.

లక్షణం: ఆట ఆపేసినా కోపం దిగట్లేదు

పక్క మీద పడుకున్నాక కూడా అదే ఫైట్ కళ్ల ముందు తిరుగుతుంటే, మర్నాడు ఆ ఒక్క చావు రీప్లే చూడండి, మ్యాచ్ మొత్తం వద్దు. చనిపోయిన క్షణం నుంచి 20 సెకన్లు వెనక్కి వెళ్లండి. అక్కడ మీరు ఎక్కడ నిలబడ్డారు, మ్యాప్ చివరిసారి ఎప్పుడు చూశారు, ఇవి రెండూ కాగితం మీద రాసుకోండి. చెస్ అయితే ఇంజిన్ (ఎత్తుల్ని విశ్లేషించే ప్రోగ్రామ్) పెట్టకముందే మీ తప్పు మీరే వెతకండి.

కోపం ఆట దాటి వస్తువులు విసిరేదాకా వెళ్తోందా, ఇంట్లోవాళ్లు మీతో మాట్లాడడానికి జంకుతున్నారా, అయితే సెట్టింగ్‌లూ షరతులూ సరిపోవు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్‌లో మొదలుపెట్టిన టెలి మానస్ ఉంది. 14416కి చేస్తే తెలుగులోనే మాట్లాడొచ్చు, డబ్బులేమీ తీసుకోరు.

నా కాగితంలో మొదటి వారం ఏడు చావులు రాసుకున్నాను. అందులో ఐదింటికి ఎదురుగా రాసింది ఒకటే ముక్క: ‘మ్యాప్ చూడలేదు’.